మందు ట్యాంకు మోటారుతో సైన్సు పాఠం

మా పర్చూరు వైపు పిల్లలకు మోటారంటే ఏమిటో బోర్డు మీద బొమ్మ గీసి చెప్పక్కర్లేదు. మిరప చేలో నాన్న బ్యాటరీ ట్యాంకు వీపుకి తగిలించుకుని మందు కొడుతుంటే వచ్చే గరగర వాళ్లకి అలవాటే. ఆ ట్యాంకు మూలన పడిందంటే చాలాసార్లు పోయింది బ్యాటరీయే. లోపలి 12 వోల్టుల మోటారు నిక్షేపంగా ఉంటుంది. పురుగుమందు తగిలిన సామాను కదా, పంపు విప్పడం, సబ్బునీళ్లతో కడగడం నా పని. పిల్లల చేతికి ఒట్టి మోటారే ఇస్తాను.

ఇరుసుకి దారం చుట్టి గట్టిగా లాగమంటాను. వైర్లకి కట్టిన ఎర్ర ఎల్‌ఈడీ తళుక్కుమంటుంది. కరెంటిస్తే తిరిగేది, తిప్పితే కరెంటివ్వడమేమిటని వాళ్లే అడుగుతారు. వెలగలేదా, వైర్లు తిరగేస్తే సరి. ఎల్‌ఈడీ ఒకవైపే కరెంటు పోనిస్తుంది.

తర్వాత ఎల్‌డీఆర్. చిన్న బిళ్ల. చీకట్లో కరెంటుని దాదాపు ఆపేస్తుంది, వెలుతురు పడితే వదిలేస్తుంది. సముద్రంలో వేసే టెలిగ్రాఫ్ తీగల పరీక్షలకి సెలీనియం కడ్డీలు వాడుతూ, విల్లోబీ స్మిత్ 1873లో ఈ గుణాన్ని ప్రకటించాడు. వెతికింది ఒకటి, దొరికింది ఇంకొకటి!

ఎల్‌డీఆర్‌తో చీకటి పడితే మోగే అలారం చెయ్యడానికి 9 వోల్టుల బ్యాటరీ, బీసీ547 ట్రాన్సిస్టరు, బజరు, 47 కిలోఓమ్‌ల రెసిస్టరు చాలు. ప్లస్ నుంచి రెసిస్టరు బేస్‌కి, బేస్ నుంచి ఎల్‌డీఆర్ మైనస్‌కి. ఎమిటర్ కూడా మైనస్‌కే. బజరు ప్లస్‌కీ కలెక్టర్‌కీ మధ్య. వెలుతురులో ఆ కాస్త కరెంటునీ ఎల్‌డీఆరే లాగేసుకుంటుంది, బజరు నోరెత్తదు. అరచెయ్యి అడ్డం పెట్టగానే కరెంటు బేస్‌లోకి మళ్లి కీచుమంటుంది. పుస్తకంలో ఎంత చదివినా ఎక్కని ట్రాన్సిస్టరు, ఈ కీచుతో ఎక్కుతుంది.

పిల్లలకి అన్నిటికన్నా నచ్చేది మాత్రం కల్లం అలారం. కాయలు ఆరబోసిన రాత్రి చినుకు పడితే పట్టలు కప్పడానికి పరుగులే కదా. రెసిస్టరు, ఎల్‌డీఆర్ రెండూ తీసేసి, ప్లస్ నుంచి ఒక తీగ, కిలోఓమ్ రెసిస్టరు మీదుగా బేస్ నుంచి ఇంకో తీగ తెచ్చి, తగలకుండా పక్కపక్కనే ఉప్పు చల్లిన కాగితం మీద అంటిస్తాం. వాననీట్లో కరెంటు సరిగా పారదు, అందుకే ఉప్పు. చినుకు పడితే బజరు మోగుతుంది.

మొన్నొకడు లేచి, "సార్, ఉప్పు మంచుకీ చెమ్మగిల్లుతుందిగా, రోజూ తెల్లారుజామున మోగదా?" అన్నాడు. మోగుతుంది. ఉప్పు మానేసి రెండు ట్రాన్సిస్టర్లు జత చేస్తే వాననీటికే మోగుతుందేమో చూడమన్నాను. ఇంకా తంటాలు పడుతున్నారు.