రొయ్యల శుభ్రత – దాని వెల

చెరువునుండి పట్టిన రొయ్య మిక్కిలి త్వరగా చెడిపోవును. దానిని వెంటనే మంచులో నుంచనిచో సూక్ష్మజీవులు విపరీతముగా పెరుగును. భీమవరము, కాకినాడ ప్రాంతముల రొయ్యలు సముద్రములు దాటి అమెరికా, చైనా వంటి దూరదేశములకు పోవుచున్నవి. అచ్చట కొనువానికి అవి మంచివను నమ్మకము కలిగించుట ఎట్లు?

పెట్టెలు కట్టిన పిదప కొన్నిటిని విప్పి పరీక్షించుట పాతపద్ధతి. అందొక చిక్కు కలదు. పరీక్షించిన రొయ్య తినుటకు పనికిరాదు. పరీక్షింపని రొయ్యనుగూర్చి ఊహయే గాని నిశ్చయము లేదు. 1959 ప్రాంతమున అమెరికాలో వ్యోమగాములకు ఆహారము తయారుచేయ బూనిన పిల్స్‌బరీ సంస్థకు ఈ చిక్కే ఎదురైనది. నమ్మదగినన్ని పరీక్షలు జరిపినచో తినుటకు మిగులునది స్వల్పము. కావున దోషము ఏ ఘట్టమున ప్రవేశించునో ముందే గుర్తించి, అచ్చటనే దాని నడ్డగించు పద్ధతిని క్రమముగా రూపొందించిరి. దానినే నేడు ‘హాసప్’ అందురు.

ఈ పద్ధతి ననుసరించు రొయ్యల కర్మాగారమున నీటిని, మంచును పరీక్షింతురు. పనివారి చేతుల శుభ్రతను చూతురు. శీతలగృహమున చలి సున్నకు దిగువ 18 డిగ్రీలకు తగ్గకుండ కాపాడుదురు. ఇవన్నియు ప్రతిదినము పుస్తకమున వ్రాయవలెను. వ్రాయనిది చేయనిదానితో సమానమని తనిఖీ అధికారుల మతము!

1997లో ఐరోపా సమాఖ్య భారతదేశపు చేపల, రొయ్యల దిగుమతిని కొంతకాలము నిషేధించెను. సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవులు, కర్మాగారముల అపరిశుభ్రత అందుకు కారణములు. ఆ యేడు డిసెంబరునుండియే అమెరికా తాను కొను మత్స్యసంపదకు హాసప్‌ను విధిగా పాటింపవలెనని శాసించెను. ఎగుమతిదారులు నేలలు, గోడలు మార్చిరి, ప్రయోగశాలలు కట్టిరి. పెద్ద యజమాని ఆ వ్యయమును వేలకొలది పెట్టెలపై పంచగలడు. రొయ్యల పెంకు ఒలిపించు చిన్న షెడ్డువానికి అది సాధ్యమా? షెడ్డు మూతపడినచో మొదట కూలి పోవునది అందు పనిచేయు స్త్రీలకు. ఈ నష్టమును లెక్కలోనికి తీసుకొనకుండ పద్ధతిని పొగడుట న్యాయము కాదు.

అయినను లెక్క అంతటితో ముగియదు. వ్యయము నెలనెలా పద్దులలో కనిపించును. లాభమో, ఎవరికిని రాని వ్యాధియందు, తిరస్కృతమై మరలి రాని సరకునందు దాగియుండును. ఒక ఓడసరకు వెనుకకు వచ్చెనేని దాని వెలతోపాటు రెండు మారుల రవాణాఖర్చును మీదపడును.

మరియొక సంగతి. చెరువులో వాడిన మందు రొయ్య కండలో మిగిలినచో, కర్మాగారమున ఎంత కడిగినను పోదు. పట్టుబడికి ముందే చెరువుకడ పరీక్ష జరుగవలెను. రెండెకరముల రైతు ప్రయోగశాల కట్టలేడు. అందుచే 1972లో ఏర్పడిన సముద్రోత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ తీరప్రాంతములలో ప్రయోగశాలలు నెలకొల్పినది. రైతు తన రొయ్యల మచ్చును అచ్చటికే పంపుకొనవచ్చును.