ఆనవాలు పట్టువారు

ఒక వ్యక్తి మన గుమ్మము ముందు నిలిచి ‘నేను ఫలానా’ అని చెప్పినప్పుడు ఆ మాటను మనము ఎట్లు నమ్ముచున్నాము? ఎరిగిన ముఖమైనచో ప్రశ్నయే లేదు. ఎరుగని ముఖమైనచో ఊరు అడుగుదుము, ఇంటిపేరు అడుగుదుము, ఉభయులకు తెలిసిన వారెవరని అడుగుదుము. పల్లెలో దుకాణదారునకును, తపాలా జవానుకును ఈ పాటి పరీక్ష అయినను అక్కరలేదు. వారు మనుష్యులనే ఎరుగుదురు. కాని నేడు బ్యాంకు, పింఛను కార్యాలయము, రేషను సరుకుల లెక్కలు చూచు కంప్యూటరు మనలను చూడకయే మనతో వ్యవహరించుచున్నవి. చూడని మనిషిని పోల్చుకొనుట ఎట్లు?

ఈ ఒక్క ప్రశ్న మీద నేడు ఒక వృత్తియే నిలిచియున్నది. గణితవేత్తలు, కంప్యూటరు ఇంజనీర్లు, న్యాయవాదులు, నమోదు కేంద్రములలో వేలిముద్రలు తీసికొను ఆపరేటర్లు, పద్ధతులను తనిఖీ చేయు ఆడిటర్లు – వీరందరును ఆ వృత్తివారే. వారు చేయు పని యేమో, అందు వారికిని మనకును గల చిక్కు యేమో తెలిసికొనుట ప్రతి గృహస్థునకును అవసరము.

ప్రశ్న మాత్రము క్రొత్తది కాదు. అశోకవనములో హనుమంతుడు తాను రామదూతనని చెప్పగా సీత వెంటనే నమ్మలేదు. సన్న్యాసి వేషము వేసికొని వచ్చినవాడు రావణుడైన సంగతి ఆమెకు అనుభవమే గదా! అందుచేత రాముని చిహ్నములు చెప్పుమని అడిగెను. హనుమంతుడు వర్ణించి చెప్పి, పిమ్మట రామనామాంకితమైన ఉంగరమును ఇచ్చెను. సీత తిరిగి పంపిన ఆనవాళ్లలో ముఖ్యమైనవియు రెండు. ఒకటి తమ యిరువురకు మాత్రమే తెలిసిన కాకాసుర వృత్తాంతము, రెండవది చూడామణి. మణి దొంగిలింపబడవచ్చును; కథను ఎవరైనను పొంచి వినియుండవచ్చును; రెండును ఒక్క వంచకుని చేత చిక్కుట అరుదు.

నేటి నిపుణుల మొదటి సూత్రము సరిగా ఇదియే. మనిషిని గుర్తించుటకు మూడు విధములైన ఆధారములు కలవని వారు చెప్పుదురు: మనకు తెలిసినది, మన వద్ద ఉన్నది, మన శరీరమున ఉన్నది. బ్యాంకు యంత్రములో డబ్బు తీయునప్పుడు కార్డు మన వద్ద ఉన్నది, నాలుగంకెల రహస్యము మనకు తెలిసినది. ఫోనుకు వచ్చు ఓటీపీ, ఆ ఫోను మన చేతిలో నున్నదనుటకు గుర్తు. వేలిముద్ర, కనుపాప, ముఖము మూడవ జాతికి చెందినవి. ఒకే జాతివి రెండు అడుగుట కంటె వేరు వేరు జాతుల నుండి ఒక్కొక్కటి అడుగుట మేలు.

శరీరమునే సంతకముగా వాడు పద్ధతి మన దేశమున బలపడినదే. 1858 లో బెంగాలులో విలియం హెర్షెల్ అను ఆంగ్లేయాధికారి ఒక గుత్తేదారుచే ఒప్పందపత్రముపై అరచేతి ముద్ర వేయించెను. 1897 లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయము వెలసెను. వేలకొలది ముద్రలలో నుండి ఒక ముద్రను త్వరగా వెదకి తీయుటకు కావలసిన వర్గీకరణమును రూపొందించుటలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అను భారతీయోద్యోగులు ముఖ్యులు. లోకమున అది మాత్రము పై అధికారి ఎడ్వర్డు హెన్రీ పేరుతోనే ప్రసిద్ధి కెక్కెను. ఒకప్పుడు చదువురాని వాని గుర్తుగా నుండిన వేలిముద్ర నేడు చదువుకొన్న వానికిని తప్పని సంతకమైనది.

ఆ మార్పును ఇంటింటికి తెచ్చినది ఆధార్. దాని కొరకై భారత విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ 2009 జనవరిలో ఏర్పడెను. మొదటి సంఖ్య 2010 సెప్టెంబరు 29 న మహారాష్ట్రలోని నందుర్‌బార్ జిల్లా తెంభలీ గ్రామమున ఇవ్వబడెను. పండ్రెండంకెల ఆ సంఖ్యలో మన కులము గాని, ఊరు గాని, వయస్సు గాని ఇమిడియుండదు. అది అర్థములేని సంఖ్యగా ఉండవలెననియే అట్లు చేసిరి. చివరి అంకె మాత్రము కావలివాని వంటిది. 1969 లో వెర్హోఫ్ అను డచ్చి గణితవేత్త ప్రకటించిన పద్ధతి ననుసరించి తక్కిన పదునొకండు అంకెల నుండి దానిని లెక్కగట్టుదురు. వ్రాతలో ఒక అంకె మారినను, ప్రక్కప్రక్క నున్న రెండంకెలు తారుమారైనను ఆ లెక్క కుదరదు. పొరపాటు వెంటనే బయటపడును.

ఇచట రెండు వేరు పనులను గమనింపవలెను. నమోదు చేయునాడు పది వ్రేళ్ల ముద్రలను, రెండు కనుపాపల చిత్రములను తీసి, అదివరకు నమోదైన వారందరి ముద్రలతో పోల్చి చూతురు. ఒకే మనిషికి రెండు సంఖ్యలు పోకుండుటకు ఇది అవసరము. తరువాత రేషను దుకాణములో వ్రేలు పెట్టినప్పుడు దేశమందరితో పోల్చరు. చెప్పిన సంఖ్య క్రింద దాచియున్న ముద్రతో మాత్రమే పోల్తురు. ఆ పోలికకు సమాధానము ‘అవును’, ‘కాదు’ అను రెండు మాటలలో నొకటి. మంచి గుర్తింపు పద్ధతికి ఇది ముఖ్యలక్షణము: అడిగినదానికి మాత్రమే సమాధానము చెప్పవలెను. వయస్సు పదునెనిమిది దాటినదా అని తెలిసికొనవలసిన వానికి పుట్టిన తేదీయు, తండ్రి పేరును, చిరునామాయు అక్కరలేదు.

మనిషి శరీరము అడ్డముండని చోట, అనగా దూరమునుండి పంపిన పత్రము విషయమున, గణితము సహాయమునకు వచ్చినది. 1976 లో అమెరికాలో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్మన్ అను ఇరువురు ఒక చిత్రమైన ఊహను ప్రకటించిరి. పూర్వపు జమీందారుల ముద్రికను తలచుకొన్నచో అది సులభముగా బోధపడును. ముద్ర వేయు ఉంగరము యజమాని వ్రేలిని విడిచిపోదు. ఆ ముద్ర యెట్లుండునో ఊరందరికి తెలిసియుండును. అట్లే ప్రతివానికి రెండు సంఖ్యలుండును. ఒకటి రహస్యము, దానితో పత్రమునకు ముద్ర వేయును; రెండవది బహిరంగము, దానితో ఎవరైనను ఆ ముద్ర నిజమైనదో కాదో చూడవచ్చును. పత్రములో ఒక్క అక్షరము మారినను ముద్ర సరిపడదు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము ఇట్టి సంతకమునకు మన దేశమున చట్టబద్ధత నిచ్చెను. రిజర్వు బ్యాంకు 1996 లో హైదరాబాదున నెలకొల్పిన పరిశోధన సంస్థ, బ్యాంకుల కొరకు ఇట్టి సంతకపు సర్టిఫికెట్లు జారీ చేసిన సంస్థలలో ఒకటి.

ఇంతవరకు వినినవారికి చిక్కులన్నియు తీరినట్లే తోచును. కాని అసలు చిక్కు ఇచటనే కలదు. ఏ కావలివానికైనను రెండు విధముల పొరపాట్లు సంభవించును. రావణుని సన్న్యాసియని నమ్ముట ఒకటి. శకుంతలను ఎరుగనని త్రోసివేయుట రెండవది. దుష్యంతుని సభలో శకుంతల అబద్ధము చెప్పలేదు. ఆమె ఉంగరము నీటిలో జారిపోయినది, అంతే. యంత్రమునకును ఇదే గతి. ముద్ర యెంత దగ్గరగా పోలినచో ‘అవును’ అనవలెనో ఇంజనీరు ముందుగా ఒక గీత గీయును. గీతను పైకి జరిపినచో దొంగలు తగ్గుదురు, కాని నిజమైన వారును కొందరు వెలుపల నిలిచిపోవుదురు. క్రిందికి జరిపినచో అందరును లోపలికి వత్తురు, వారితో దొంగయు వచ్చును. ఒకే ఆధారమును నమ్ముకొనియున్నంత వరకు రెండు తప్పులను ఒక్కసారిగా లేకుండ చేయు గీత యే యంత్రములోను లేదు.

వెలుపల నిలిచిపోవువారు ఎవరో ఆలోచింపుడు. సున్నము, సిమెంటు కలిపినవారు, జీవితమంతయు పారపట్టినవారు, అంట్లు తోమినవారు, వృద్ధులు. వారి వ్రేళ్లపై గీతలు అరిగిపోవును. పని చేసిన చేతికే యంత్రము ‘కాదు’ అని చెప్పుచున్నది. 2018 లో సుప్రీంకోర్టు విచారణలో ప్రాధికార సంస్థ సమర్పించిన లెక్క ప్రకారము ప్రభుత్వ సేవలలో ధ్రువీకరణము నూటికి 88 మారులు సఫలమగుచుండెను. విఫలమైన పండ్రెండింటిలో ప్రతిదియు ఒక కుటుంబము ఆకలి గొనుట కాదు. మరల ప్రయత్నించి సరుకులు పొందినవారును ఉందురు. అయినను మూడుసార్లు వ్రేలు తుడిచి పెట్టి, కూలి పని మానుకొని మరునాడు తిరిగి వచ్చు ముసలమ్మకు శాతములు ఏమి చెప్పగలము?

అట్లని గుర్తింపు యంత్రములనే నిందించుట న్యాయము కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశములో ఉపాధి హామీ కూలికిని, పింఛనులకును వేలిముద్రల స్మార్ట్‌కార్డులు ప్రవేశపెట్టినప్పుడు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు 8 జిల్లాలలోని 157 మండలములను పోల్చి పరిశీలించిరి. 2016 లో ప్రకటించిన ఫలితములలో కూలి త్వరగా చేరినదనియు, నడుమ కాజేయుట తగ్గినదనియు తేలెను. ఇచట ఒక విశేషము గమనింపదగినది: కార్డు లేనివారికి చెల్లింపు ఆపలేదు, వారికి పాత పద్ధతియే కొనసాగెను. తరువాత ఆ ముగ్గురే ఝార్ఖండులో రేషనుకు ఆధార్ ధ్రువీకరణము తప్పనిసరి చేసిన తీరును పరిశీలింపగా, అచట అర్హులైనవారు కొందరు ప్రయోజనమును కోల్పోయినట్లు కనుగొనిరి. రెండు చోట్లను పరీక్ష వ్రేలికే. వ్రేలు పలుకనప్పుడు ఏమి చేయవలెనను నియమము మాత్రము వేరు.

న్యాయస్థానమును ఈ విషయముపై తన మాట చెప్పినది. 2017 ఆగస్టు 24 న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పెను. 2018 సెప్టెంబరు 26 నాటి తీర్పు ప్రభుత్వ సహాయ పథకములకు ఆధార్ వాడుకను అంగీకరించి, ప్రైవేటు సంస్థలు దానిని కోరుటకు వీలు కల్పించిన భాగమును కొట్టివేసెను. యంత్రము పోల్చలేదన్న కారణముచేత అర్హుని త్రోసివేయరాదని కూడ అందు స్పష్టము చేసెను.

ఇక గృహస్థులు చేయదగినదేమి? ఫోనుకు వచ్చు ఓటీపీ మీ సంతకము వంటిదని తలపుడు. ఖాళీ కాగితముపై సంతకము చేసి అపరిచితునకు ఇత్తురా? బ్యాంకు నుండి పిలుచుచున్నామని చెప్పి దానిని అడుగువాడు బ్యాంకువాడు కాడు. ఆధార్ నకలు ఇయ్యవలసినచో చివరి నాలుగంకెలు మాత్రమే కనబడు నకలు చాలునేమో అడుగుడు. వేలిముద్రలను వాడనప్పుడు తాళమువేసి ఉంచుకొను సదుపాయము కలదు; దానిని వాడుకొనుడు. రహస్యాంకము పోయినచో మార్చుకొనవచ్చును గాని, వ్రేలిని మార్చుకొనలేము. ఎందుకొరకో తెలియక ఏ యంత్రముపైనను వ్రేలు పెట్టకుడు. ఇంటిలో పెద్దవారి వేలిముద్ర పడకున్నచో, ముద్ర పడలేదను మాటతో వెనుకకు రాకుడు. కనుపాపతో గాని, ముఖముతో గాని, ఇతర గుర్తింపు పత్రముతో గాని సరిచూడుమని కోరుడు. అది దయ కాదు, హక్కు.

ఆనవాలు పట్టు వృత్తిలోని వారిని మనము కొలువవలసిన కొలత కూడ ఇదియే. ఎందరు దొంగలను ఆపితిమని వారు లెక్క చెప్పుదురు, అది మంచిదే. నిజమైన వారిని ఎందరిని త్రిప్పి పంపితిరి, అట్టివారికి మీరు తెరచి ఉంచిన రెండవ తలుపు ఏది, అని కూడ మనము అడుగవలెను. ఆ రెండు ప్రశ్నలకును సమాధానము చెప్పగలిగినప్పుడే గుర్తింపు పద్ధతి ప్రజలకు ఉపకరించును.