యాభై దాటాక బేస్ గిటారు

పాలమూరు సీమ సంఘాల్లో ఇప్పుడు కీబోర్డు లేని ఆరాధన అరుదు. గద్వాలలోనైనా, వనపర్తిలోనైనా, నాగర్‌కర్నూల్ పల్లెల్లోనైనా కీబోర్డు, ప్యాడ్, ఢోలక్ ఉంటాయి. వాయించేవారంతా కుర్రవాళ్ళు. పెద్దలు చప్పట్ల దగ్గరే ఆగిపోయారు. బేస్ గిటారు మాత్రం ఎక్కువచోట్ల కనబడదు. ఆ ఖాళీ చోటు యాభై దాటినవారికి బాగా సరిపోతుందని మేము నమ్ముతున్నాము. ఎందుకో వివరిస్తాము.

బేస్‌కు సాధారణంగా నాలుగు లావు తీగలు. మామూలు గిటారులోని నాలుగు లావు తీగల స్వరాలే ఒక స్థాయి కిందికి దిగి పలుకుతాయి. పూర్వం ఈ పని మనిషెత్తు వాయిద్యంతో జరిగేది. దానికి మెట్లు ఉండవు, వేలు ఎక్కడ పెట్టాలో చెవే చెప్పాలి. 1951లో అమెరికాలో లియో ఫెండర్ మెట్లున్న బేస్‌ను అమ్మకానికి తెచ్చి, స్వరం కచ్చితంగా పలుకుతుంది గనుక ‘ప్రెసిషన్’ అని పేరు పెట్టాడు. మెట్లు అంటే ఏమిటో నాగర్‌కర్నూల్ జిల్లావారికి చెప్పనక్కరలేదు. 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగిలయ్యగారిది పన్నెండు మెట్ల కిన్నెర. బేస్ మీద ఆ మెట్లు సన్నని లోహపు కడ్డీలు, అంతే తేడా.

బేస్ చేసే పని గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచును కలిపే పని వంటిది. ఒకవైపు డప్పు దెబ్బ, మరోవైపు పాట. రెంటినీ కలిపి పట్టుకొనేది కింది స్వరం. చాలా పాటలకు ఒక్కో దెబ్బకు ఒక్క స్వరం చాలు. అందుచేత చేతికి రావలసిన విద్య కొంచెమే, మనిషికి ముందే ఉండవలసిన జ్ఞానం ఎక్కువ. తాళం ఎక్కడ పడుతుంది, చరణం ఎక్కడ తిరుగుతుంది, సంఘం ఎక్కడ ఊపిరి తీసుకుంటుంది అన్నవి చిన్ననాటి నుండి పాడినవారికే తెలుసు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరవండి, పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) కాలం నుండి వస్తున్న సొత్తు ఇది. చాపు తాళంలో ఏడు మాత్రలు: తకిట, తకదిమి. మూడూ నాలుగూ. కీబోర్డులో మీట నొక్కితే మోగే రిథమ్‌లలో ఎక్కువ భాగం నాలుగు దెబ్బల లెక్కవి. ఏడును నాలుగులో కుక్కితే ఒక అక్షరం సాగుతుంది, లేదా మింగుడు పడుతుంది. కుర్రవాళ్ళను తప్పు పట్టకండి, ఆ నడక వాళ్ళు విననే లేదు. మీ కాలికి తెలిసిన ఆ నడక వాళ్ళ చెవికి చేరాలంటే ఉపన్యాసం పనికిరాదు, వాళ్ళ పక్కన కూర్చొని వాయించాలి.

అది ఇలా మొదలవుతుంది. లావు తీగ మీద మూడో మెట్టు దగ్గర వేలు పెట్టి మీటండి. దాన్ని షడ్జమం అనుకోండి. పక్క తీగ మీద రెండు మెట్లు పైకి, అంటే ఐదో మెట్టు దగ్గర, పంచమం ఉంటుంది. చాపులో మొదటి ‘త’కు షడ్జమం, రెండో ‘త’కు పంచమం వేయండి. కీర్తన నడుస్తుంది. పాడే అమ్మ శ్రుతి పెంచితే వేళ్ళ అమరిక మార్చకుండా చేతిని పక్కకు జరపడమే. ఒక్క జాగ్రత్త: హిందోళంలో పంచమం లేదు. అక్కడ షడ్జమం పక్క తీగ మీద అదే మెట్టు దగ్గర దొరికే మధ్యమానికి వెళ్ళండి. యంత్రానికి ఈ విచక్షణ ఉండదు, రాగం తెలిసిన పెద్దాయనకు ఉంటుంది.

శరీరం సంగతి కూడా చెప్పాలి. మామూలు బేస్‌లో మోగే తీగ పొడవు 34 అంగుళాలు. చిన్నచేతుల వారికి 30 అంగుళాలది హాయి, తీగ బిగువు కూడా తక్కువ. బరువు నాలుగు కిలోల దాకా ఉండవచ్చు, కూర్చొని నేర్చుకోండి. రోజూ ఇరవై నిమిషాలు మేలు, ఆదివారం మూడు గంటలు కీడు. వేలికొసలు కొన్ని వారాలు మండి, గట్టిపడతాయి. షుగరు ఉన్నవారు బొబ్బలను రోజూ చూసుకోవాలి. వేళ్ళు తిమ్మిరెక్కినా, మడిచిన వేలు పట్టేసినా ఆపి డాక్టరుకు చూపించండి. వయసుతో చెవి మొదట పోగొట్టుకునేది సన్నని ధ్వనులను. లావు స్వరాలు చాలాకాలం నిలుస్తాయి. ఈ వాయిద్యం ముసలి చెవికి అంత అనుకూలం.

ఊళ్ళో గురువు లేకపోతే గిటారు తెలిసిన కుర్రవాణ్ణే అడగాలి. “పెద్దనాయనా, వేలు మెట్టు మీద కాదు, దానికి కొంచెం వెనుక పెట్టు” అని పద్దెనిమిదేళ్ళవాడు చెబుతాడు. చాలామంది పెద్దలు వేళ్ళ నొప్పికి కాదు, ఈ మాటకే వెనుదీస్తారు. మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయంలో 288 మంది గాయకులు పిన్న పెద్ద, గురువు శిష్యుడు అనే భేదం లేకుండా చీట్లు వేసుకున్నారు. యాభై ఏళ్ళకు పని మానిన లేవీయులు కూడా ఇళ్ళకు పోలేదు, తమ సహోదరులకు తోడుగా ఉండాలని సంఖ్యాకాండము 8వ అధ్యాయం చెబుతుంది.

వాద్యం కొనేముందు సంఘంలోని స్పీకర్లను చూడండి. లావు తీగ సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. మైకుసెట్టు హార్న్ అంత కింది స్వరాన్ని పలకలేదు, ఫోను స్పీకరూ పలకలేదు. ఫోనులో పాఠాలు చూసేవారు ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి. ఇంట్లో సాధనకు చిన్న బేస్ ఆంప్ చాలు. మందిరంలో పది, పన్నెండు అంగుళాల స్పీకరున్న ఆంప్‌ను డప్పు వాయించేవారి పక్కన నేలమీద పెట్టండి, హార్న్‌కు కలపవద్దు.