ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 20 లక్షలు: ఇస్తారు సరే, ఎప్పుడు ఇస్తారు?

పోయిన ఎపిసోడ్ కింద ఎక్కువ మంది అడిగింది ఒకటే ప్రశ్న. "అన్నా, ఫారిన్‌లో ఎంఎస్ చేస్తే గవర్నమెంట్ 20 లక్షలు ఇస్తదంట, నిజమేనా?"

నిజమే. ఇది లోన్ కాదు, స్కాలర్‌షిప్. కానీ రెండో ప్రశ్న ఎవరూ అడగట్లేదు: ఎప్పుడు ఇస్తారు? ఈ ఎపిసోడ్ మొత్తం ఆ "ఎప్పుడు" మీదే. అది తెలియకుండా ప్లాన్ చేసుకుంటే, స్కాలర్‌షిప్ వచ్చిన ఇంట్లో కూడా అప్పు మిగులుతుంది.

ముందు స్కీమ్స్ ఏంటో చూద్దాం. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి ఉంది. బీసీ, ఈబీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధి. మైనారిటీలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్. అన్నింటిలోనూ గరిష్ఠంగా 20 లక్షలు, దాంతో పాటు వెళ్లేటప్పుడు వన్‌వే ఫ్లైట్ టికెట్ ఖర్చు. 2025లో సీట్లు పెంచారు. ఇప్పుడు ఏడాదికి బీసీలకు 700, ఎస్సీలకు 500, ఎస్టీలకు 200, మైనారిటీలకు 500, మొత్తం 1,900. అంటే అప్లై చేసిన ప్రతి ఒక్కరికీ రాదు, సెలక్షన్ ఉంటుంది. డిగ్రీ మార్కులు, జీఆర్ఈ, ఐఈఎల్టీఎస్ లేదా టోఫెల్ స్కోర్లు అక్కడ పనికొస్తాయి.

అర్హతలు సింపుల్‌గా చెప్తాను. కుటుంబ ఆదాయం ఏడాదికి 5 లక్షల లోపు ఉండాలి. వయసు 35 దాటకూడదు. డిగ్రీలో 60 శాతం మార్కులు ఉండాలి. ఇంట్లో ఒక్కరికే, ఒక్కసారే. అమెరికా, యూకే, ఆస్ట్రేలియా, కెనడా, సింగపూర్ మొదటి నుంచీ లిస్టులో ఉన్నాయి, తర్వాత జర్మనీ లాంటి దేశాలు చేరాయి. అప్లికేషన్ ఈపాస్ వెబ్‌సైట్‌లో. మీసేవ నుంచి తీసిన క్యాస్ట్, ఇన్‌కమ్ సర్టిఫికెట్లు, పాస్‌పోర్ట్, మార్క్స్ మెమోలు, స్కోర్ కార్డులు, యూనివర్సిటీ అడ్మిషన్ లెటర్, బ్యాంక్ పాస్‌బుక్ అన్నీ అప్‌లోడ్ చేయాలి.

అడ్మిషన్ లెటర్ అన్నాను కదా, అసలు ముడి అక్కడే ఉంది.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్ చేసిన రోజుల్లో మాకు డిపెండెన్సీ అని ఒక మాట ఉండేది. ఏది అయ్యాక ఏది అవుతుంది అని. ఈ స్కీమ్‌ని కూడా అలాగే చూడండి. అమెరికా వెళ్లాలంటే ఐ-20 కావాలి. ఐ-20 ఇవ్వాలంటే మొదటి ఏడాది ఖర్చుకి సరిపడా డబ్బు ఉందని యూనివర్సిటీకి చూపించాలి. స్కాలర్‌షిప్‌కి అప్లై చేయాలంటే ఆ ఐ-20 ముందే చేతిలో ఉండాలి. అంటే బ్యాంకులో చూపించే డబ్బు ఈ స్కాలర్‌షిప్ డబ్బు కాలేదు. అది మీరే వేరేగా చూసుకోవాలి.

తర్వాత సెవిస్ ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు 185 డాలర్లు. అదీ మీ జేబు నుంచే ముందు పోతుంది. జర్మనీ అయితే ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలా చోట్ల ట్యూషన్ ఫీజు ఉండదు. కానీ సాధారణంగా వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి.

మరి 20 లక్షలు ఎప్పుడు? రెండు విడతలు. మొదటి 10 లక్షలు మీరు అక్కడ దిగాక, అమెరికా అయితే ఐ-94, మిగతా చోట్ల అలాంటి ల్యాండింగ్ ప్రూఫ్ పంపాక. రెండో 10 లక్షలు మొదటి సెమిస్టర్ రిజల్ట్ పంపాక. రూల్ ప్రకారమే ఇది. ఆ పైన బిల్లులు, నిధుల విడుదల ఆలస్యం వేరే. రెండో విడత కోసం విద్యార్థులు నెలల తరబడి ఎదురుచూడటం మనం పేపర్లలో చూస్తూనే ఉన్నాం.

ఆలస్యం అంటే ఎంత నష్టమో లెక్క వేద్దాం. మీ నాన్న 10 లక్షలు బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. నెలకి 20,000 వడ్డీ. రెండో విడత పది నెలలు లేటైతే 2 లక్షలు వడ్డీకే పోతాయి. అదే 10 లక్షలు బ్యాంక్ ఎడ్యుకేషన్ లోన్‌లో 11 శాతానికి తీసుకుంటే నెలకి సుమారు 9,200. అంటే వచ్చే డబ్బు ఒకటే అయినా, మధ్యలో అప్పు ఎక్కడ తెచ్చామన్నదాన్ని బట్టి లక్ష రూపాయల పైనే తేడా. అందుకే నేను చెప్పేది: స్కాలర్‌షిప్‌ని ఫీజు కట్టే డబ్బులా చూడకండి, లోన్ తీర్చే డబ్బులా చూడండి. బ్యాంక్ లోన్ ముందే శాంక్షన్ చేయించుకోండి. విడత రాగానే అందులో కట్టేయండి.

ఇక్కడ ఒక చరిత్ర చెప్పాలి. ఈ స్కీమ్‌కి ఎవరి పేరు పెట్టారో ఆయన కూడా స్కాలర్‌షిప్ మీదే వెళ్లారు. 1913లో బరోడా మహారాజు సాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో అంబేద్కర్ న్యూయార్క్‌లో కొలంబియా యూనివర్సిటీకి వెళ్లారు. నెలకి 11.50 పౌండ్లు, మూడేళ్లు. అక్కడి నుంచి లండన్ వెళ్లారు. గడువు అయిపోవడంతో 1917లో చదువు మధ్యలో ఆపి తిరిగి రావాల్సి వచ్చింది. తర్వాత బొంబాయిలో సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టుకుని, స్నేహితుడి దగ్గర అప్పు తీసుకుని, 1920లో మళ్లీ లండన్ వెళ్లి చదువు పూర్తి చేశారు. అంత పెద్ద మనిషికి కూడా డబ్బు టైమింగే అడ్డొచ్చింది. మన హైదరాబాద్ విషయానికొస్తే, 1895లో సరోజినీ నాయుడు నిజాం స్కాలర్‌షిప్‌తోనే ఇంగ్లండ్ వెళ్లారు. అప్పుడు పాలకుడి దయ. ఇప్పుడు ఇది నోటిఫికేషన్ ఉన్న పథకం, రూల్స్ ఉన్నాయి, అడిగే హక్కు మనకి ఉంది.

ఇప్పుడు కేంద్రం స్కీమ్. నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ అంటారు. 1954-55 నుంచి ఉంది. సామాజిక న్యాయ శాఖది 125 సీట్లు. ఎస్సీలు, సంచార జాతులు, భూమిలేని వ్యవసాయ కూలీలు, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాలకి. ఆదాయం 8 లక్షల లోపు. ఎస్టీలకి గిరిజన శాఖ వేరేగా 20 సీట్లు ఇస్తుంది. దీంట్లో పద్ధతి వేరు: ట్యూషన్ ఫీజు అక్కడి మన ఎంబసీ ద్వారా నేరుగా యూనివర్సిటీకే వెళ్తుంది. దాని పైన ఖర్చులకి అమెరికాలో ఏడాదికి 15,400 డాలర్లు, యూకేలో 9,900 పౌండ్లు. 20 లక్షల లిమిట్ ఉండదు. కాకపోతే సామాజిక న్యాయ శాఖ స్కీమ్‌కి క్యూఎస్ ర్యాంకింగ్‌లో టాప్ 500లో ఉన్న యూనివర్సిటీ కావాలి, దేశం మొత్తానికి సీట్లు తక్కువ. అర్హత ఉంటే ముందు దీనికి ట్రై చేయండి.

ఓసీలు, ఆదాయం ఎక్కువ ఉన్నవాళ్లు "మాకేం లేదా అన్నా" అంటారు. వేరే దేశాల ప్రభుత్వాలు ఇచ్చేవి ఉన్నాయి, వాటికి కులం, ఆదాయం అడ్డు కాదు. యూకే ప్రభుత్వం చీవెనింగ్: రెండేళ్ల వర్క్ ఎక్స్‌పీరియన్స్ ఉండాలి, చదువయ్యాక రెండేళ్లు ఇండియాలో ఉండాలి. అమెరికాకి ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్: మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్. యూరోపియన్ యూనియన్ ఎరాస్మస్ ముండస్: నెలకి 1,400 యూరోలు, ఫ్రెషర్స్ కూడా అప్లై చేయొచ్చు. మైనారిటీలకు కేంద్రం ఇచ్చిన పఢో పర్‌దేశ్ వడ్డీ సబ్సిడీ మాత్రం 2022-23 నుంచి ఆగిపోయింది. ఎవరైనా ఆ పేరు చెప్తే నమ్మకండి.

ఇంకో మాట. మొన్న పరేడ్ గ్రౌండ్ మెట్రో దగ్గర నా చేతిలో ఒక పాంప్లెట్ పెట్టారు. "రూపాయి పెట్టుబడి లేకుండా అమెరికా, 20 లక్షలు మేమే ఇప్పిస్తాం, కమిషన్ తర్వాత." తమ్ముడూ, చెల్లీ, ఎవరూ ఇప్పించలేరు. అప్లికేషన్ మీరే ఇంట్లో కూర్చుని ఫోన్‌లో, ల్యాప్‌టాప్‌లో పెట్టుకోవచ్చు. డౌట్ ఉంటే మాసబ్ ట్యాంక్ సంక్షేమ భవన్‌కి వెళ్లి అడగండి.

చివరిగా, ఈ నెల నుంచే మొదలుపెట్టాల్సినవి. పాస్‌పోర్ట్, ఎస్సెస్సీ మెమో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో చూసుకోండి. ఇన్‌కమ్ సర్టిఫికెట్ నోటిఫికేషన్ వచ్చే టైమ్‌కి చెల్లేలా తీయించుకోండి. ఫాల్, స్ప్రింగ్‌కి విడివిడిగా డేట్స్ ఉంటాయి, ఈపాస్‌లో చెక్ చేస్తూ ఉండండి. వెళ్లాక ఐ-94, మార్కుల షీట్ రాగానే ఆ రోజే పంపండి. ఇక్కడ ఇంట్లో ఒకరికి అన్ని జిరాక్స్‌లు, అప్లికేషన్ నంబర్ ఇచ్చి వెళ్లండి, ఆఫీస్ చుట్టూ తిరగాల్సింది వాళ్లే కాబట్టి.

ఈ రాత్రి అమ్మానాన్నలతో కూర్చుని ఒక కాగితం మీద రెండు గళ్లు గీయండి. ఒక దాంట్లో ఏ నెలలో ఎంత కట్టాలి, రెండో దాంట్లో ఏ నెలలో ఎంత వస్తుంది. ఖాళీ ఎక్కడ కనిపిస్తే అక్కడికి లోన్ కావాలి. ఆ ఖాళీ ఎంతో తేలాకే టికెట్ సంగతి. మీ లెక్కలో డౌట్ ఉంటే కామెంట్‌లో పెట్టండి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలిసి చూద్దాం. ఉంటాను!