క్రొత్త రౌటరు కొనినచో ఆట తడబడకుండునా?

హనుమంతునిపాడు వంటి గ్రామమున సైతము నేడు బాలురు సెల్‌ఫోనునందు దూరదేశీయులతో ఆటలాడుచున్నారు. ఆట తడబడినపుడెల్ల "నాయనా, క్రొత్త రౌటరు కొనిపెట్టుము" అని తండ్రిని వేధించుట పరిపాటి. పాపము, ఓడినవానికి రౌటరే దోషి! వేల రూపాయలు వ్యయించుటకు ముందు ఆ జాగు ఎచ్చట కలుగుచున్నదో విచారింపవలెను.

మన వ్రేలు తాకినంతనే సంజ్ఞ గాలిలో రౌటరునకును, అచ్చటినుండి తీగవెంట ఆటను నడపు సర్వరునకును పోయి, ప్రత్యుత్తరముతో మరలి రావలెను. రౌటరు అధికారము మొదటి మజిలీ వరకే. గాజుతీగలో వెలుగు సెకండునకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోవును. సర్వరు సింగపూరున నున్నచో, అది మనకు 3 వేల కిలోమీటర్లకు పైదూరము గనుక, పోయి వచ్చుటకే 30 మిల్లీసెకండ్లు పట్టును. తీగ తిన్నగా పోదు గనుక నిజమునకు ఇంకను హెచ్చు. ఎంత వెలగల రౌటరైనను దీనిని తగ్గింపజాలదు.

అయినను మొదటి మజిలీ లోపము ఉపేక్షింపదగినది కాదు. 2.4 గిగాహెర్ట్జ్ మార్గమున ఇరుగుపొరుగు రౌటర్లును మైక్రోవేవ్ పొయ్యియు అడ్డుతగులును. 5 గిగాహెర్ట్జ్ మార్గమున రద్దీ తక్కువ. కాని రాతిగోడలు దాటునప్పటికి అది నీరసించును. ఇంటిలో ఒకరు సినిమా దింపుకొనుచుండగా ఆట సంజ్ఞలు వరుసలో వేచియుండును. ఆ వరుసను చక్కబెట్టు నేర్పుగల రౌటరు ఇచ్చట మేలుచేయును.

పరీక్ష సులభము. కంప్యూటరును రౌటరునకు తీగతో కలిపి, ఇంటిలో వేరెవ్వరును నెట్టు వాడనివేళ పింగు చూడుడు. తీగతో నిలకడగానుండి, తీగ తీసినంతనే ఎగుడుదిగుడైనచో లోపము వైర్‌లెస్సుది. తొలుత రౌటరును మూలగదినుండి ఆడుకొను గదికి మార్చి చూడుడు. తీగతోను జాగు అట్లే యున్నచో దుకాణమునకు పోవలదు. ఆటలో దగ్గరి సర్వరును ఎన్నుకొని, అప్పటికిని మారకున్న కనెక్షను ఇచ్చినవారిని అడుగుడు.