రెండో సూదికి చిరునామా

కరోనా టీకా నాడు దళితుల గురించి, ఆదివాసుల గురించి అధికారులు, పత్రికలవాళ్ళు ఒకటే పాట పాడారు. వీళ్ళకు భయం ఎక్కువ, నమ్మకాలు ఎక్కువ, అందుకే సూదికి రారని. భయం లేదని నేననను. 2021లో మా పేటలోనూ ఉంది, హైదరాబాదులో పెద్ద చదువులు చదివినవాళ్ళలోనూ ఉంది. కాని మొదటి సూది వేయించుకున్న మనిషి రెండోదానికి రాలేదంటే దాన్నీ భయం ఖాతాలోనే రాయడం ఏమిటి? మొదటిదానికి జ్వరమొచ్చి మానుకున్నవాళ్ళు కొందరున్నారు, నిజమే. మిగతావాళ్ళ సంగతి తెలియాలంటే టీకా లెక్క ఎట్లా రాశారో చూడాలి.

ముందు రెండో డోసు అవసరం గురించి రెండు మాటలు. మొదటి డోసు ఒంటికి ఆ వైరస్ ఆనవాలు పట్టిస్తుంది. రెండోది ఆ గుర్తును గట్టి చేస్తుంది. 2021 వేసవిలో మన దేశాన్ని ఊపేసింది డెల్టా రకం. కోవిషీల్డ్ టీకానే ఆస్ట్రాజెనెకా పేరుతో వాడిన ఇంగ్లాండులో లెక్క తీస్తే, డెల్టా జబ్బు లక్షణాలు రాకుండా ఒక్క డోసు కాపాడింది సుమారు 30 శాతం. రెండు డోసులైతే 67 శాతం. కాబట్టి ఒక్క డోసు దగ్గర ఆగిపోవడమంటే సగం దారిలో వదిలేయడం కూడా కాదు, అంతకన్నా తక్కువ.

ఇప్పుడు మిరపతోటల దగ్గరికి వద్దాం. ఖమ్మం, భద్రాచలం వైపు మిర్చి ఏరడం జనవరి నుంచి ఏప్రిల్ దాకా సాగుతుంది. మాల, మాదిగ పేటలనుంచి, కోయ గూడేలనుంచి, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్, సుక్మా జిల్లాలనుంచి ముఠాలు ముఠాలుగా వస్తారు. 45 ఏళ్ళు దాటినవారందరికీ టీకా మొదలైంది 2021 ఏప్రిల్ 1న. అంటే ముఠాలు ఇంకా చేలల్లో ఉన్నప్పుడు. తోటకు దగ్గర్లోని పీహెచ్‌సీలో కొందరు సూది వేయించుకున్నారు కూడా.

ఏప్రిల్ 5న కోవిషీల్డ్ వేయించుకున్న కూలీని ఉదాహరణగా తీసుకోండి. అప్పటి నియమం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది వారాల్లో రెండోది పడాలి. ఆరు వారాలంటే మే 17. తెలంగాణలో లాక్‌డౌన్ మే 12న వచ్చింది, మొదట్లో పొద్దున 6 నుంచి 10 దాకే సడలింపు. ఆ మర్నాడు, మే 13న, ఢిల్లీ నుంచి కొత్త కబురు. ఎడం 12 నుంచి 16 వారాలు. మన కూలీ గడువు జూన్ 28కి జరిగింది. ఎడం పెరిగితే టీకా బాగా పనిచేస్తుందన్న ఆధారం ఉన్నమాట వాస్తవమే. టీకాలు చాలని రోజులన్నదీ వాస్తవమే. ఈ మార్పు మనిషికి చేరవలసింది ఎట్లా? ఫోనుకి మెసేజీగా. ఎవరి ఫోనుకి?

అసలు చిక్కు ఇక్కడుంది. కోవిన్‌లో పేరెక్కాలంటే ఒక ఫోను నెంబరు, ఒక గుర్తింపు కార్డు కావాలి. ఒక నెంబరు మీద అప్పట్లో నలుగురినే ఎక్కించేవారు. ఇరవైమంది ముఠాకు అయిదు నెంబర్లన్నమాట. మేస్త్రీది ఒకటి, రైతుది ఒకటి, ట్రాక్టరు డ్రైవరుది ఒకటి, అట్లా సర్దారు. రెండో డోసుకు పోతే ఆ నెంబరే అడుగుతారు. పైగా మొదటిది ఏ కంపెనీదో రెండోదీ అదే పడాలి. ఏప్రిల్ చివర్లో ముఠా విడిపోయింది. మే నెలంటే తునికాకు. జూన్‌లో వాన పడితే పోడు దున్నాలి. మెసేజి మేస్త్రీ ఫోనులో పడివుంటే మనిషి మూడు వాగుల అవతల ఉంటాడు. 2021 జూన్ దాకా ఆ కోవిన్ తెలుగులో కూడా లేదు. ఈ డిజిటల్ అంతరం గురించి సుప్రీంకోర్టే 2021 మే 31న కేంద్రాన్ని నిలదీసింది.

సరిహద్దులు మరో కథ. 2014లో పోలవరం పేరుతో ఏడు మండలాలు ఆంధ్రకు పోయాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంటే, ఊరిని ఆనుకున్న ఎటపాక ఆంధ్రలో ఉంది. కాగితం మీద కోవిన్ దేశమంతటికీ ఒకటే, ఎక్కడైనా వేయించుకోవచ్చు. కాని ఆ మే నెలలోనే ఆంధ్రనుంచి వచ్చే అంబులెన్సులను తెలంగాణ పోలీసులు సరిహద్దుల్లో ఆపారు, హైకోర్టు కలగజేసుకోవలసి వచ్చింది. అంబులెన్సే ఆగిన చోట కూలీ ఏ ధైర్యంతో దాటుతాడు? సల్వాజుడుం నాడు, 2005 తర్వాత, ఇల్లూ వాకిలీ వదిలి వచ్చి ఇక్కడి అడవిలో గుడిసెలు వేసుకున్న మురియా ఆదివాసులను మనవాళ్ళు గుత్తికోయలంటారు. వాళ్ళలో చాలామందికి చూపించడానికి కార్డే లేదు. కార్డు లేనివారికీ వేయవచ్చని 2021 మే 6న కేంద్రం పద్ధతి రాసి పంపింది. ఆ పద్ధతిలో మనిషిని గుర్తించవలసింది అధికారులే. ఏ అధికారులు? ఆ గుడిసెలు పీకించే యంత్రాంగంలోని వాళ్ళే.

ఇంకొకటి కూడా చెప్పుకోవాలి. ఏజెన్సీలో ఉన్న దళితులు ఐటీడీఏ లెక్కలోకి రారు, ఎందుకంటే వాళ్ళు గిరిజనులు కారు. తోటలో మాత్రం ఇద్దరూ ఒకే సాలులో వంగి కాయ ఏరుతారు.

మా అమ్మ సంగతి చెబుతాను. ఆమెకు ఫోను లేదు, నా నెంబరు రాయించాం. జులైలో ఒక సాయంత్రం నాకు మెసేజి వచ్చింది, ఆమెకు రెండో డోసు విజయవంతంగా పడిందని. ఫోను చేసి అడిగితే, ‘నాకు తెల్వకుంట ఏ చేతికి ఏసిండ్రు బిడ్డా?’ అన్నది. ఆ కేంద్రం పేరు ఇక్కడ అనవసరం. టార్గెట్ ఒత్తిడి ఎట్లుంటదో తెలియనిది కాదు. కంప్యూటరు లెక్కలో ఆమె పూర్తయిపోయింది కాబట్టి ఇక వేయడం కుదరదన్నారు. చివరికి ఒక నర్సమ్మ ఉపాయం చెప్పింది. ఆధార్ పక్కనబెట్టి ఓటరు కార్డు మీద, వేరే నెంబరుతో, కొత్త మనిషిగా మొదటి డోసు రాయించమంది. అట్లానే చేశాం. అమ్మ ఒంట్లో పడ్డవి రెండు, ప్రభుత్వం లెక్కలో మూడు. ఓటరు కార్డు మీదున్న ఆమె ఇప్పటికీ రెండో డోసు బాకీ ఉన్న మనిషే. ఆమెనూ భయస్తుల జాబితాలో వేసే ఉంటారు.

2021 నవంబరులో ఇంటింటికీ పోయి వేసే కార్యక్రమం పెట్టాక చాలామందికి అందింది. చాలీచాలని పైసలకు వాగులు దాటి, బాక్సు మోసుకుని తిరిగింది ఆశా కార్యకర్తలు. ఆ పని ఏప్రిల్లోనే మొదలుపెట్టకుండా ఎవరు ఆపారన్నది ఎవరూ అడగలేదు.

మూడో డోసు వచ్చేసరికి కథ మళ్ళీ మొదటికొచ్చింది. 2022 ఏప్రిల్ 10నుంచి 18 దాటినవారికి ప్రైవేటులో డబ్బులకు అన్నారు. టీకా ధర 225 రూపాయలు, పైన వేసినందుకు 150 దాకా. కూలీ ఎవడు కొంటాడు? ఉచితంగా 75 రోజులపాటు ఇస్తామని జులై 15న మొదలుపెట్టారు. ఆ రోజుకే భద్రాచలం దగ్గర గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులు ఎప్పుడో దాటింది, వంతెన మీద రాకపోకలు ఆపేశారు. మర్నాడు నీళ్ళు 71 అడుగులు దాటాయి. లంక ఊళ్ళ జనం శిబిరాల్లో ఉన్నారు, నీళ్ళు తీశాక ఇళ్ళలో బురద ఎత్తిపోసుకున్నారు. గడువు సెప్టెంబరు 30తో అయిపోయింది.