రైలు ప్రమాదాలు - ఇంజనీర్ల సాక్ష్యం

1956 సెప్టెంబరులో మహబూబ్‌నగరం దగ్గరా, నవంబరులో అరియలూరు దగ్గరా వంతెనలు పోయి రైళ్లు ఏటిపాలైన సంగతి మన పెద్దలు చెప్పగా వినే ఉంటారు. రెండవ ప్రమాదంతో లాల్ బహదూర్ శాస్త్రిగారు రైల్వే మంత్రి పదవి వదులుకున్నారు. అది ఆయన పెద్దతనం. కాని వంతెన ఎందుకు పోయిందన్న ప్రశ్నకు రాజీనామా జవాబు కాదు గదా! ఆ జవాబు ఇంజనీరు చెప్పాలి. తప్పు తోటి ఇంజనీరుదైతే అతడు ఎంతవరకు నోరు విప్పుతాడు?

ఈ ప్రశ్నకు పాతదే అయినా స్కాట్లండులోని టే నది వంతెన కథ చెప్పుకోదగినది. 1879 డిసెంబరు 28, ఆదివారం రాత్రి, పెనుగాలిలో వంతెన నడిమి భాగం కూలి, దానిమీది రైలుతో సహా నదిలో పడింది. ఒక్కరూ బ్రతకలేదు. పోయినవారు 75 మందని అంచనా. వంతెన తెరిచి అప్పటికి రెండేళ్లయినా కాలేదు. కట్టించిన థామస్ బౌచ్‌కు ఆ సంవత్సరమే ‘సర్’ బిరుదు వచ్చింది.

విచారణకు ముగ్గురు కూర్చున్నారు. రోథరీ న్యాయం తెలిసినవాడు, ఓడల ప్రమాదాలు విచారించే అధికారి. కల్నల్ యోలండ్ రైల్వే ఇన్స్పెక్టరు. బార్లో ఇంజనీర్ల సంఘానికి అధ్యక్షుడు. వంతెనకు రంగులు వేసినవారు వచ్చి, రైలు పోతుంటే అది ఎలా ఊగేదో చెప్పారు. పోత పోసిన కూలీలు వచ్చి, స్తంభాల్లో పడిన బొల్లులను మైనం, ఇనుపరజను కలిపిన ముద్దతో పూడ్చిన వైనం బయటపెట్టారు. వంతెన చూసుకొనే ఉద్యోగి తాపీపని తెలిసినవాడేగాని ఇనుపపని ఎరుగడు. బిగింపు కడ్డీలు వదులై గలగలమంటుంటే ఇనుపముక్కలు కొని సందుల్లో దిగగొట్టాడు. ఆ సంగతి బౌచ్‌కు తెలుపలేదు.

ఇక నిపుణుల వంతు. విచారణవారి తరఫున శిథిలాలను పరీక్షించిన ఇంజనీరు హెన్రీ లా. గంగాళానికి చెవులుంటాయే, అలాగే స్తంభాలకు పోత ఇనుప చెవులుండేవి. కడ్డీలను వాటికి బిగించేవారు. ఆ చెవులను లండనులో కిర్కాల్డీ యంత్రంమీద లాగించి చూస్తే, లెక్క ప్రకారం మోయవలసిన బరువులో సగమైనా మోయకుండా విరిగాయి. బౌచ్ పక్షం వాదన వేరు: పెట్టె ఒకటి పట్టాలు తప్పి దూలానికి కొట్టుకున్నందువల్లనే వంతెన పడిందట. ఆయన తరఫున వచ్చిన బెంజమిన్ బేకర్, చుట్టుపక్కల నిలిచి ఉన్న గోడలు, గాజుపలకలు చూసి, ఆ రాత్రి గాలి అంత బలమైనది కాదన్నాడు. మాట తెలివైనదే! గాలి అంత తక్కువదైతే వంతెన మరీ బలహీనమన్నమాటే గదా అని నాకు తోస్తుంది. గాలి ఒత్తిడికి ప్రత్యేకంగా ఏమైనా లెక్క వేశారా అని అడిగితే, ప్రత్యేకంగా వేయలేదని బౌచే ఒప్పుకున్నాడు.

వంతెన ఎందుకు పడిందో చెప్పడంలో ముగ్గురికీ పెద్ద భేదం లేదు. తప్పెవరిదన్న దగ్గర చీలిపోయారు. అది మా పని కాదన్నారు యోలండ్, బార్లో. రోథరీ మాత్రం వేరే నివేదిక వ్రాసి, ప్రధానంగా బౌచ్‌నే తప్పుపట్టాడు. 1880 అక్టోబరులో బౌచ్ చనిపోయాడు. ఫోర్త్ నదిమీద అతడు తలపెట్టిన వంతెనను మానుకొని, ఆ పని ఫౌలరుకూ, సాక్ష్యం చెప్పిన ఆ బేకర్‌కూ అప్పగించారు. 1890లో తెరిచిన ఆ వంతెనను చదరపు అడుగుకు 56 పౌన్ల గాలికి తట్టుకునేటట్లు కట్టారు.

మన దేశంలో రైల్వే ఇన్స్పెక్టర్లను 1941లోనే రైల్వే బోర్డునుంచి వేరుచేశారు. వారి వారసులైన రైల్వే భద్రతా కమిషనర్లు నేడు విమానయాన శాఖ క్రింద ఉన్నారు. తన ఇంటి లెక్క తానే చూసుకోరాదనే ఈ ఏర్పాటు. న్యాయస్థానాలలో నిపుణుని అభిప్రాయాన్ని స్వీకరించడానికి 1872 నాటి సాక్ష్య చట్టంలో 45వ సెక్షను ఉండేది. 2024 జూలైనుంచి అమలైన కొత్త చట్టంలో అది 39వ సెక్షను. కమిషనరు విచారణకు ముందు పత్రికలలో ప్రకటన వేస్తారు. ప్రమాదం గురించి తెలిసినవారెవరైనా వెళ్లి చెప్పవచ్చును; ఇంజనీరే కానక్కరలేదు.